తీర్పు కొత్తదే కావచ్చు, మీ కేసుకు వర్తిస్తుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గోపాలపట్నం. నాకు యాభై ఎనిమిదేళ్లు. మా నాన్నగారు 2003లో వీలునామా రాయకుండానే పోయారు. తాతగారి నుంచి ఆయనకు వచ్చిన రెండెకరాల మెట్ట ఆనందపురం దగ్గర ఉంది. అన్నయ్య, తమ్ముడు ఇప్పుడు దాన్ని డెవలప్‌మెంటుకు ఒక బిల్డరు చేతిలో పెట్టబోతున్నారు. అక్కకూ నాకూ వాటా అడిగితే, ‘తండ్రి 2005కు ముందు చనిపోతే ఆడపిల్లకు వాటా లేదని సుప్రీంకోర్టు తీర్పు’ అంటూ వాట్సాప్‌లో పంపారు. 1998లోనే పెద్దమనుషుల ముందు పంచుకున్నామని కూడా అంటున్నారు. ఆ సంగతి మాకు తెలిసింది నిరుడే. పసుపుకుంకుమల కింద చెరి మూడు లక్షలు ఇస్తాం, వాటా వదులుకుంటున్నట్టు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టండి అంటున్నారు. అక్క పెళ్లి 1983లో, నా పెళ్లి 1988లో జరిగాయి. అమ్మకు ఎనభై ఏళ్లు. తన పేరున ఉన్న ఇంటిని 2019లో తమ్ముడికి సెటిల్‌మెంటు రాసిచ్చింది. ఇప్పుడు మందులకు కూడా నన్నే అడగవలసి వస్తోంది. ఆ దస్తావేజు రద్దవుతుందని ఒకరు ఒక తీర్పు చూపితే, కాదని మరొకరు ఇంకో తీర్పు చూపుతున్నారు. చివరగా, మా వారి తరఫు బంధువుకు నిరుడు నాలుగు లక్షలు నగదుగా అప్పు ఇచ్చాను. అతను ఇచ్చిన చెక్కు రెండు వారాల కిందట బ్యాంకు నుంచి వెనక్కి వచ్చింది. ఇరవై వేలు దాటిన నగదు అప్పు చెల్లదని కోర్టు చెప్పిందట, ఇష్టం వచ్చినట్టు చేసుకోమంటున్నాడు. రోజుకో తీర్పు వస్తుంటే దేన్ని నమ్మాలి?

– ఒక సోదరి

సమాధానం:

అమ్మా,

మీరు చివర రాసిన దానికే ముందు జవాబు చెబుతాను. భూమి సంగతి నాలుగు రోజులు ఆలోచించుకోవచ్చు. చెక్కు సంగతి ఆగదు. బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో మీ చేతికి అందిన ముప్పై రోజుల్లోగా అతనికి లిఖితపూర్వకంగా నోటీసు పంపాలి. అందులో రెండు వారాలు అప్పుడే గడిచిపోయాయి. నోటీసు అందాక డబ్బు కట్టడానికి అతనికి పదిహేను రోజులు ఉంటాయి. అప్పటికీ కట్టకపోతే, ఆ గడువు ముగిసిన నాటి నుంచి నెల లోపల మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. మీ ఖాతా ఏ బ్రాంచిలో ఉందో ఆ బ్రాంచి ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో అక్కడే వేయాలి. అతను ఎక్కడ ఉంటున్నాడన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

నోటీసులో చెక్కు మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ చెక్కు మీద ఉన్నట్టే రాయించండి. వడ్డీ, ఖర్చులు అడగదలచుకుంటే వేరే వాక్యంలో అడగండి, అసలులో కలపవద్దు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2025 సెప్టెంబరులో కావేరి ప్లాస్టిక్స్ కేసులో సుప్రీంకోర్టు, నోటీసులో చెక్కు మొత్తం తప్పుగా పడితే ఆ నోటీసు చెల్లదని, అది టైపు పొరపాటు అన్నా ఒప్పుకోబోమని తేల్చింది. నిజంగా డబ్బు రావలసినవాళ్లు ఒక్క అంకె తేడాతో కేసు పోగొట్టుకున్నారు. స్పీడ్ పోస్టులో పంపి రసీదునూ, అందినట్టు వచ్చే వివరాన్నీ భద్రంగా ఉంచుకోండి. ఒకవేళ ఏ కారణం చేతనైనా ముప్పై రోజులు దాటిపోతే నిరాశపడకండి. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల లోపల దాన్ని మళ్లీ బ్యాంకులో వేయవచ్చు, మళ్లీ వెనక్కి వస్తే మళ్లీ నోటీసు ఇవ్వవచ్చు. ఎం.ఎస్.ఆర్. లెదర్స్ కేసులో 2012లోనే సుప్రీంకోర్టు దీనికి దారి తెరిచింది. అయితే ఆ దారి ఉంది కదా అని ఇప్పుడు చేతిలో ఉన్న రోజులు వదులుకోకండి.

ఇక అతను చూపిస్తున్న తీర్పు. అది కల్పితం కాదు. ఇరవై వేలు, ఆపైన నగదుగా అప్పు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో ఒక నిబంధన ఉంది. దాని ఆధారంగా, అలాంటి అప్పు చట్టప్రకారం వసూలు చేయదగినది కాదని, చెక్కు కేసు నిలవదని 2025 జూన్‌లో కేరళ హైకోర్టు చెప్పింది. ఆ వార్త ఊరూరా తిరిగింది. అదే ఏడాది సెప్టెంబరు 25న సంజాబిజ్ తారీ కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయం తప్పని తోసిపుచ్చింది. నిబంధనను మీరితే పన్ను శాఖ జరిమానా వేస్తుంది, అంతమాత్రాన అప్పు చెల్లకుండా పోదు అని స్పష్టం చేసింది. మొదటి వార్త చేరినంత దూరం రెండోది చేరలేదు. మీ బంధువు మొదటిది పట్టుకుని కూర్చున్నాడు. పైగా అతను గమనించని సంగతి ఒకటి ఉంది: ఆ నిబంధన కింద జరిమానా పడేది అప్పు ఇచ్చినవారి మీద కాదు, తీసుకున్నవాడి మీద. ఈ మాట మీ వకీలు నోటీసులోనే మర్యాదగా గుర్తుచేస్తే మంచిది.

అతను కోర్టులో వేయబోయే అసలు ప్రశ్న వేరు: నాలుగు లక్షలు నగదుగా ఇచ్చే శక్తి ఈవిడకు ఎక్కడిది? సంతకం తనదని అతను ఒప్పుకుంటే, చెక్కు అప్పు తీర్చడానికే ఇచ్చాడని చట్టం మీ పక్షాన అనుకుంటుంది. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇచ్చాను, రాత నాది కాదు అన్నా ఆ అనుకోలు పోదని బీర్ సింగ్ కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మీ ఆర్థిక స్తోమతను అతను గట్టిగా ప్రశ్నిస్తే మీరు చూపించగలగాలి. ఇదీ 2019 నాటి తీర్పే, బసలింగప్ప కేసు. ఖాతాలో నుంచి తీసిన నాటి పాసుబుక్కు పేజీ, బంగారం కుదువ పెట్టి ఉంటే ఆ రసీదు, చీటీ పాడుకున్న కాగితం, అతను డబ్బు కోసం పంపిన మెసేజీలు, ఏది ఉంటే అది ఇప్పుడే వెతికి ఒక కవరులో పెట్టండి. కేసు వేయగానే చెక్కు మొత్తంలో ఇరవై శాతం కోర్టు ముందే ఇప్పిస్తుందని ఎవరైనా అంటే, అది తప్పనిసరి కాదు, మేజిస్ట్రేటు విచక్షణను బట్టి ఉంటుందని 2024 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పిందని తెలుసుకోండి. ఆ ఆశతో ఖర్చులు పెట్టుకోవద్దు.

ఇప్పుడు భూమి. మీ అన్నదమ్ములు పంపిన మెసేజీలోని తీర్పు కూడా ఒకప్పుడు నిజమే. హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి 2005 సెప్టెంబరు 9 నుంచి ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చారు. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్నది ప్రశ్న. ఫూలవతి కేసులో 2015లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, ఉండాలి అంది. దానమ్మ కేసులో 2018లో ఇద్దరు న్యాయమూర్తులే, తండ్రి 2001లో పోయినా కూతుళ్లకు వాటా ఇచ్చారు. రెండూ సుప్రీంకోర్టు మాటలే, రెండూ ఇద్దరేసి న్యాయమూర్తులవే. కింది కోర్టుల్లో ఎవరికి అనువైనది వారు చూపించుకున్న కాలం అది. చివరికి ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో చిక్కు విప్పింది. హక్కు వచ్చేది పుట్టుకతో, తండ్రి ఉన్నాడా పోయాడా అన్న దానితో పనిలేదు. మీ వాళ్లు పంపింది 2015 నాటి మాట. పదేళ్ల కిందటి మెసేజీ కొత్తదిలా మళ్లీ తిరుగుతోంది.

అయితే మీ విషయంలో 2005 దాకా వెళ్లవలసిన పనే లేదు. ఇది చాలామంది వకీళ్లు కూడా వెంటనే చెప్పరు. కేంద్రం సవరించడానికి ఇరవై ఏళ్ల ముందే మన ఆంధ్రప్రదేశ్ ఆడపిల్లకు ఈ హక్కు ఇచ్చింది. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1986లో చేసిన సవరణ అది. అమలు తేదీ 1985 సెప్టెంబరు 5. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతురికి మాత్రం అది వర్తించదు. మీ పెళ్లి 1988లో జరిగింది కాబట్టి, మీ నాన్నగారు బతికి ఉండగానే, మీరు పెళ్లిపీటలు ఎక్కకముందే, ఆ భూమి ఉమ్మడి ఆస్తి అయితే అందులో హక్కుదారు అయ్యారు. 2003లో ఆయన పోవడం దాన్ని తీసివేయలేదు. మీ అక్కగారి పెళ్లి 1983లో అయింది కాబట్టి రాష్ట్ర సవరణ ఆవిడకు పనికిరాలేదు. ఆవిడకు హక్కు ఇచ్చింది 2005 చట్టం, దాన్ని నిలబెట్టింది 2020 తీర్పు. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్లు వేర్వేరు దారుల్లో ఒకే చోటికి చేరారు. దావా వేస్తే ఈ రెండు దారులూ విడివిడిగా రాయించండి. ఇద్దరికీ కలిపి ఒకే పేరా రాస్తే మీకున్న బలమైన వాదన అందులో కలిసిపోతుంది.

1998 పంపకం మాటకు వద్దాం. రిజిస్టరు అయిన విభాగ దస్తావేజు కానీ, కోర్టు డిక్రీ కానీ ఉందా? ఉంటే దాని నకలు వాళ్లు ఈపాటికి మీ ముఖాన చూపించి ఉండేవారు. పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకున్నామన్న వాదనను అంత తేలిగ్గా ఒప్పుకోరాదని వినీతా శర్మ తీర్పే చెప్పింది. అరుదుగా, ప్రభుత్వ రికార్డుల వంటి గట్టి ఆధారాలు ఉంటేనే చూడాలంది. ఇక్కడ మీరు కళ్లు తెరిచి చూడవలసింది రెవెన్యూ రికార్డు. అన్నయ్యకు ఎకరం, తమ్ముడికి ఎకరం అంటూ 1998 నుంచే విడివిడిగా పట్టాదారు పాసుపుస్తకాలు, అడంగళ్లు (భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే రికార్డులు) ఉన్నాయా, లేక మొన్నమొన్నటి వరకు నాన్నగారి పేరే నడిచిందా? మీభూమి పోర్టల్‌లో ఇప్పటి 1-బి, అంటే ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పే పత్రం, కనిపిస్తుంది. పాత అడంగల్ నకళ్ల కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళ్లాలి. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం) తీయించండి. 1998లో నిజంగా పంచుకున్నా, 1985 నుంచే హక్కు ఉన్న మిమ్మల్ని వదిలేసి పంచుకోవడం మీ మీద చెల్లదని వాదించడానికి మీకు చోటు ఉంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఉమ్మడి ఆస్తి నుంచి తనను మినహాయించారని తెలిసిన నాటి నుంచి పన్నెండేళ్లలోపు దావా వేయాలి. పంపకం సంగతి నిరుడే తెలిసిందని రాశారు. అది నిజమైతే, ఎలా తెలిసింది, ఎవరు చెప్పారు, ఏ మెసేజీ వచ్చింది అన్నవి ఇప్పుడే రాసి పెట్టుకోండి. మీకు చాలా కాలంగా తెలుసని నిరూపించడానికి వాళ్లు తప్పక ప్రయత్నిస్తారు. అన్నదమ్ములకు పంపే నోటీసులో ఉన్నది ఉన్నట్టే రాయించండి. ఒక్క తేదీ అటుఇటు చేస్తే అడ్డప్రశ్నల్లో మొత్తం కేసు కదులుతుంది.

తాతగారి నుంచి వచ్చిందంతా పిత్రార్జితం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. భూమి తాతగారి సొంత సంపాదన అయి, హిందూ వారసత్వ చట్టం వచ్చిన 1956 తరువాత ఆయన వీలునామా లేకుండా పోయి ఉంటే, అది మీ నాన్నగారికి వారసత్వంగా వచ్చిన సొంత ఆస్తి అవుతుంది. చందర్ సేన్ కేసులో 1986లో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇది. అప్పుడు పుట్టుకతో హక్కు అనే మాటే రాదు. అయినా మీ వాటా పోదు. నాన్నగారు వీలునామా రాయలేదు కాబట్టి అమ్మగారు, నలుగురు పిల్లలు సమానంగా పంచుకుంటారు. లెక్క చూడండి. రెండెకరాలంటే రెండు వందల సెంట్లు. ఉమ్మడి ఆస్తి అయితే నాన్నగారికీ మీ నలుగురికీ అయిదో వంతు చొప్పున వస్తుంది, ఆయన అయిదో వంతు మళ్లీ అమ్మగారికీ మీ నలుగురికీ పంచబడుతుంది. అలా పిల్లలకు తలా 6/25, అంటే 48 సెంట్లు; అమ్మగారికి 1/25, అంటే 8 సెంట్లు. నాన్నగారి సొంత ఆస్తి అయితే అందరికీ తలా 40 సెంట్లు. మీకు ఎనిమిది సెంట్ల తేడా, అమ్మగారికి ముప్పై రెండు సెంట్ల తేడా. తాతగారికి ఆ భూమి ఎలా వచ్చిందో చెప్పే పాత దస్తావేజు కోసం వెతకమనడం ఇందుకే. అది అమ్మగారి విషయంలో చాలా తేల్చుతుంది.

చెరి మూడు లక్షల సంగతి. ఆనందపురం దగ్గర సెంటు ధర ఎంత పలుకుతోందో మీకు నాకంటే బాగా తెలుసు. ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువైనా సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో అడిగి, నలభై సెంట్లతో గుణించి చూడండి. పసుపుకుంకుమలు అన్న మాట మన ఇళ్లల్లో చాలా బరువైనది, ఆడపిల్ల దాన్ని కాదనలేకపోతుంది. ఆ గౌరవాన్ని అడ్డం పెట్టుకుని హక్కు రాయించుకోవడం అన్యాయం. పెళ్లిలో ఇచ్చింది, పండక్కి పెట్టింది వాటా కింద జమ అయిపోతుందని చట్టంలో ఎక్కడా లేదు. లెక్క తేలకుండా విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టకండి. ఒకసారి రిజిస్టరు అయితే, తెలియక పెట్టానని తరువాత నిరూపించడం మహా కష్టం. సాక్షి సంతకమని, బ్యాంకు పని అని చెప్పి తెచ్చే కాగితాలు కూడా చదవనిదే ముట్టుకోవద్దు. వాటా వదులుకోవాలని మీకే మనసులో ఉంటే అది వేరు. అప్పుడు కూడా ఎంత వదులుకుంటున్నారో తెలిసి వదులుకోండి.

బిల్డరు రంగంలోకి దిగుతున్నాడు కాబట్టి, అతనికి కూడా నోటీసు పంపించండి: ఈ భూమిలో ఇంకా పంచని వాటా మాకు ఉంది, మా సంతకం లేని ఒప్పందం మమ్మల్ని కట్టిపడేయదు అని. దావా వేశాక జరిగే అమ్మకాలు, ఒప్పందాలు ఆ దావా ఫలితానికి లోబడే ఉంటాయి. స్థితిగతులు మార్చకుండా తాత్కాలిక ఇంజంక్షను, అంటే కోర్టు నిషేధ ఉత్తర్వు, కూడా అడగవచ్చు. అనుభవం ఉన్న బిల్డరు ఎవరూ వివాదంలో ఉన్న భూమిలో డబ్బు పోయడు. ఆ నోటీసు వెళ్లాకనే మీ అన్నదమ్ములు కూర్చుని మాట్లాడటానికి సిద్ధపడవచ్చు.

దావా అంటే ముందు ఎవరి వాటా ఎంతో తేల్చే ప్రాథమిక డిక్రీ, తరువాత అడ్వొకేట్ కమిషనరు వచ్చి కొలతలు వేయడం, ఆపైన తుది డిక్రీ. అన్నీ కలిపి ఏళ్లు పడుతుంది. కోర్టు ఫీజు కూడా మీరు రాసే ఒక్క వాక్యం మీద ఆధారపడుతుంది. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నామంటే నామమాత్రపు ఫీజు, స్వాధీనం నుంచి వెళ్లగొట్టారంటే మీ వాటా విలువను బట్టి ఫీజు. ఫీజు తగ్గించుకోవడానికి అబద్ధం రాయించే వకీలు దొరికితే అతన్ని వదిలేయండి. నా అభిప్రాయం అడిగితే, నోటీసు ఇచ్చాక, దావాకు ముందు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీలిటిగేషన్ దరఖాస్తు పెట్టండి. అక్కడ కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు వస్తే అది డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అప్పీలు లేదు కాబట్టే ప్రతి సెంటు, ప్రతి సరిహద్దు చదువుకుని సంతకం పెట్టాలి.

అమ్మగారి గురించి రాసిన నాలుగు వాక్యాలు చదివినప్పుడు మనసు కలుక్కుమంది. ఎనభై ఏళ్ల మనిషి తన ఇంట్లోనే మందులకు చేయి చాచవలసి రావడం ఏ దస్తావేజు రాసేటప్పుడూ ఎవరూ అనుకోరు. మీకు చూపించిన రెండు తీర్పులూ ఉన్నాయి, రెండూ నిలిచే ఉన్నాయి. వృద్ధ తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం ప్రకారం, కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిస్తే, ఆ షరతు తప్పినప్పుడు ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. అలాంటి షరతు ఉందని చెప్పి, నిరూపించాలి అని సుదేశ్ ఛికారా కేసులో 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. ఊర్మిళా దీక్షిత్ కేసులో 2025 జనవరి 2న అదే కోర్టు, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలని చెప్పి తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. ఒకటి అటు, ఒకటి ఇటు అని పైకి కనిపిస్తుంది. కానీ రెండో కేసులో కొడుకు తల్లిదండ్రులను చూసుకుంటాడన్న మాట కాగితం మీద ఉంది. చూసుకోకపోతే దస్తావేజు రద్దని కొడుకు రాసిచ్చిన పత్రం కూడా ఉందని తల్లి చూపించింది. తేడా అక్కడ ఉంది.

కాబట్టి 2019 సెటిల్‌మెంటు దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీసుకుని నెమ్మదిగా చదవండి. ‘జీవితాంతం పోషించవలెను’ వంటి మాట ఉందా? ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు బతికున్నంత కాలం తనకే ఉంచుకున్నట్టు రాసిందా? మన ప్రాంతంలో చాలా సెటిల్‌మెంట్లలో దస్తావేజు లేఖరులు ఈ వాక్యం రాస్తారు. రాసి ఉంటే ఇంట్లో ఉండే హక్కు అమ్మగారిదే, ఎవరూ కదపలేరు. దస్తావేజులో ఏమీ లేకపోతే, అప్పట్లో తమ్ముడు రాసిచ్చిన ఉత్తరం, పెట్టిన మెసేజీ ఏదైనా ఉందేమో చూడండి. అమ్మగారు ఒక్కరే సబ్‌రిజిస్ట్రారు దగ్గరకు వెళ్లి రద్దు చేసుకోవచ్చని ఎవరైనా చెబితే వినకండి. రద్దు హక్కు ఉంచుకోకుండా ఇచ్చి, అవతలివారు స్వీకరించిన కానుకను ఇచ్చినవారు ఏకపక్షంగా వెనక్కి తీసుకోలేరని 2024లో తమిళనాడు నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది.

దస్తావేజు రద్దు కాకపోయినా పోషణ ఎక్కడికీ పోదు. విశాఖ ఆర్డీవో కార్యాలయంలో ఉండే ట్రిబ్యునల్‌కు అమ్మగారు దరఖాస్తు ఇస్తే నెలకు పది వేల వరకు ఇప్పించే అధికారం దానికి ఉంది. దరఖాస్తు ఆవిడ పేరున, ఆవిడ సంతకంతో ఉండాలి. ఆవిడ తిరగలేకపోతే మరొకరికి అధికారం ఇవ్వవచ్చు. అయితే ముందు ఆవిడను ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి, నిజంగా కావాలా అని. కూతురి కోపం వేరు, తల్లి నిర్ణయం వేరు. ట్రిబ్యునల్ ముందు ఆవిడ తడబడితే దరఖాస్తు నిలవదు. ఇంకొక మాట: ఈ చట్టం పోషణ బాధ్యతను కొడుకుల మీదే పెట్టలేదు, కూతుళ్ల మీద కూడా పెట్టింది. మీ అన్నదమ్ములు ఆ మాట ఎత్తుతారు, సిద్ధంగా ఉండండి. మందులు మీరే కొంటున్నారు కదా, ఆ బిల్లులు దాచండి.

ఏ తీర్పును నమ్మాలి అని అడిగారు. ఇప్పటివరకు చెప్పిన దానిలోనే జవాబు చాలావరకు ఉంది. ఏ కోర్టు అన్నది ముందు చూడండి. సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం దేశమంతటికీ వర్తిస్తుంది. వేరే రాష్ట్ర హైకోర్టు మాట మన కోర్టులకు ఆలోచించదగినదే కానీ కట్టుబడవలసినది కాదు. మనకు కట్టుబాటు అమరావతిలోని మన హైకోర్టుది. తరువాత ఎందరు న్యాయమూర్తులు, ఏ తేదీ, దాని మీద పైకోర్టు ఏమైనా చెప్పిందా అన్నవి. అన్నింటికంటే ముఖ్యం, ఆ కేసులో ఏం జరిగింది, మీ ఇంట్లో ఏం జరిగింది అన్న పోలిక.

అనంతగిరి మండలం, బొర్రా దగ్గరి గనుల లీజుల మీద పుట్టిన సమతా కేసు మనకు దగ్గరి ఉదాహరణ. గిరిజనుల భూములకు ప్రత్యేక రక్షణ ఉన్న షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన గొప్ప తీర్పు అది. ఇప్పుడు ఆ మండలం అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. ఆ తీర్పును పట్టుకుని మైదానంలోని మామూలు భూతగాదాలో వాదిస్తే ఒక్క అడుగు ముందుకు పడదు, ఎందుకంటే దాని బలమంతా షెడ్యూల్డు ప్రాంతం అన్న మాటలోనే ఉంది.

సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి, కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా పెట్టారు. ఎవరైనా తీర్పు వచ్చిందంటే కేసు పేరు, తేదీ అడగండి. ఆ రెండూ చెప్పలేనివారి మాట మీద ఏ సంతకమూ పెట్టకండి. మీరు కేసు వేశాక సీఎన్ఆర్ నంబరు, అంటే కేసు గుర్తింపు సంఖ్య, ఇస్తారు. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరు కొడితే వాయిదా ఎప్పుడో, క్రితం వాయిదాలో ఏమి జరిగిందో మీరే చూసుకోవచ్చు, ఎవరినీ బతిమాలనక్కరలేదు.

వకీలు ఖర్చు గురించి మీరు రాయలేదు కానీ ఆలోచన ఉండే ఉంటుంది. 1987 నాటి న్యాయసేవాధికార చట్టం కింద మహిళలకు ఉచిత న్యాయసహాయం ఉంది. దానికి ఆదాయ పరిమితి లేదు, ఆదాయ ధ్రువపత్రం అడగరు. అది మీకూ అక్కగారికీ అమ్మగారికీ, ముగ్గురికీ వర్తిస్తుంది. విశాఖ జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. అక్కడికి వెళ్లేటప్పుడు భూమి కాగితాలన్నీ దొరికేదాకా ఆగవద్దు. ఈ వారం చెక్కు, రిటర్న్ మెమో, పాసుబుక్కు ఈ మూడూ పట్టుకుని వెళ్లి నోటీసు పంపించే పని చేయించండి. మిగతా రెండు విషయాలకు నకళ్లు చేతికి వచ్చాక మళ్లీ వెళ్లవచ్చు.